స్పానిష్ క్రియకు తెలుగు దారే దగ్గర

‘‘ముందే తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి.’’ తెలుగింట పెరిగిన పదేళ్ల పిల్లాడు కూడా ఈ మాట తడుముకోకుండా అంటాడు. అతనికి తెలియలేదు, అతను రాలేదు. తెలిసి ఉంటే కథ వేరుగా నడిచేది. జరగని రెండు పనులనూ, వాటి మధ్య లంకెనూ ఐదు మాటల్లో చెప్పేస్తాడు. తెలంగాణలో ‘తెలిస్తే వచ్చేటోణ్ణి’ అన్నా భావం అదే. ఇదే వాక్యాన్ని స్పానిష్‌లో చెప్పమంటే మాత్రం, ఆ భాషను రెండేళ్లు చదివిన తెలుగు విద్యార్థి కూడా ఒక్కక్షణం ఆగుతాడు. ముందు మనసులో ఇంగ్లిష్ వాక్యం కట్టుకుంటాడు, దాన్ని విప్పి ముక్కముక్కగా స్పానిష్‌లోకి మారుస్తాడు. ఆ మధ్య మజిలీలోనే తప్పులు దొర్లుతాయి. స్పానిష్‌లోని ఈ ఒక్క కాలాన్నయినా తెలుగువారికి తెలుగులోంచే చెప్పాలి. ఇంగ్లిష్ మీదుగా తిప్పడం విద్యార్థికి అనవసరపు బరువు.

ముందు ఆ కాలం ఎలా ఉంటుందో చూద్దాం. స్పానిష్ వ్యాకరణం దీన్ని ‘కొందిసియొనాల్ కొంప్వేస్తో’ అంటుంది. ‘అబేర్’ అనే సహాయక క్రియ ముందు వస్తుంది, అసలు క్రియ భూతరూపం వెనక వస్తుంది. ‘కంతార్’ అంటే పాడటం. చివరి ‘ఆర్’ తీసి ‘ఆదో’ చేరిస్తే ‘కంతాదో’ అవుతుంది. ‘కొమేర్’ (తినడం), ‘బిబీర్’ (జీవించడం) వంటి క్రియలకు ‘ఈదో’ చేరుతుంది: కొమీదో, బిబీదో. నియమం తప్పని క్రియలన్నిటికీ ఇంతే. ఇక సహాయక క్రియ ఎవరు చేశారన్న దాన్నిబట్టి మారుతుంది. నేను అయితే ‘అబ్రీయా కంతాదో’, నువ్వు అయితే ‘అబ్రీయాస్ కంతాదో’, అతను, ఆమె, మర్యాదగా మీరు అయితే మళ్లీ ‘అబ్రీయా కంతాదో’. మేము అయితే ‘అబ్రీయామోస్’, స్పెయిన్‌లో చనువున్న పదిమందిని మీరు అంటే ‘అబ్రీయాయిస్’, వాళ్లు అయితే ‘అబ్రీయాన్’. వెనకున్న ‘కంతాదో’ ఎక్కడా కదలదు. పాడింది మగవాడైనా, ఆడమనిషైనా, ఊరంతా కలిసి పాడినా అది కంతాదోనే.

పుస్తకాల్లో ఈ ఆరు రూపాలనూ గళ్లు గీసిన పట్టికలో ఇస్తారు. విద్యార్థి కంఠస్థం చేస్తాడు, పరీక్షలో ఖాళీలు పూరిస్తాడు. పట్టిక తప్పేమీ కాదు, అది కావాలి. అయితే అదే పాఠం మొత్తం అనుకోవడం దగ్గర చిక్కు మొదలవుతుంది.

ఇప్పుడు తెలుగు వైపు చూడాలి. ‘వచ్చి ఉండేవాడు’లో ‘వచ్చి’ కదలదు. మన వ్యాకరణం దాన్ని క్త్వార్థకం అంటుంది. కదిలేది ‘ఉండు’ ఒక్కటే: ఉండేవాణ్ణి, ఉండేవాడివి, ఉండేవాళ్లం, ఉండేవారు. స్పానిష్ నిర్మాణం కూడా ఇదే, వరుస తలకిందులుగా ఉంటుందంతే. మనకు క్రియ వాక్యం చివర కూర్చుంటుంది కాబట్టి సహాయక క్రియ వెనక వస్తుంది. స్పానిష్‌లో ముందు వస్తుంది. వరుస మార్చుకున్నాక పోలిక ఒక్క రూపంతో ఆగదు. ‘వచ్చి ఉన్నాడు’కు దగ్గరగా ‘ఆ బెనీదో’ ఉంది. ఇప్పటికే ఇల్లు చేరి ఉంటాడులే అని ఊహించే ‘వచ్చి ఉంటాడు’కు ‘అబ్రా బెనీదో’ ఉంది. ‘వచ్చి ఉండేవాడు’కు ‘అబ్రీయా బెనీదో’. ‘వచ్చి ఉంటే’కు ‘సి ఉబ్యేరా బెనీదో’. నాలుగు చోట్లా తెలుగులో ‘ఉండు’ రూపం మారుతుంది, స్పానిష్‌లో ‘అబేర్’ రూపం మారుతుంది. ఉన్నాడు, ఉంటాడు, ఉండేవాడు, ఉంటే అన్న నాలుగింటి తేడా మనకు ఎవరూ నేర్పలేదు. అది అమ్మ మాటల్లోనే వచ్చింది. దాని మీద స్పానిష్ పేర్చుకుంటే చాలు.

అందుకే ‘ముందే తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి’ అన్న వాక్యం ‘సి లో ఉబ్యేరా సబీదో ఆంతెస్, అబ్రీయా బెనీదో’ అవుతుంది. ఉంటే ఉన్నచోట ఉబ్యేరా, ఉండే ఉన్నచోట అబ్రీయా.

ఇదే వాక్యాన్ని ఇంగ్లిష్ మీదుగా తెచ్చుకున్న విద్యార్థి పరిస్థితి వేరు. వాడుక ఇంగ్లిష్‌లో షరతు చెప్పే ‘హ్యాడ్’, ఫలితం చెప్పే ‘వుడ్’ రెండూ కుదించుకుపోయి ఒకే ‘డ్’ శబ్దంగా మిగులుతాయి. ‘ఐడ్ నోన్’, ‘ఐడ్ హ్యావ్ కమ్’ అన్నచోట రెండు ‘ఐడ్’లూ వేర్వేరని చెవి పట్టుకోలేదు. పైగా ‘వుడ్’ ఒక్కటే రకరకాల పనులు చేస్తుంది. చిన్నప్పుడు రోజూ పాడేవాడని చెప్పడానికీ అదే, అడిగితే పాడతాడని చెప్పడానికీ అదే, మర్యాదగా అడగడానికీ అదే. స్పానిష్‌లో రోజూ పాడేవాడు అంటే ‘కంతాబా’, అడిగితే పాడతాడు అంటే ‘కంతరీయా’. ‘వుడ్’ కనిపించిన ప్రతిచోటా కంతరీయా పెట్టే అలవాటు ఇంగ్లిష్ నుంచి వచ్చేదే. తెలుగులోనూ ‘పాడేవాడు’ రెండు పనులు చేస్తుందని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే, ‘రోజూ పాడేవాడు’, ‘అడిగితే పాడేవాడు’ రెండూ ఒకే రూపం. ఆ చోట తెలుగు పూర్తిగా ఆదుకోదు. ‘పాడి ఉండేవాడు’ దగ్గరికి వచ్చేసరికి ఆ గందరగోళం చాలావరకు పోతుంది.

ఆ రెండు పనులూ ఒకే రూపంలో ఎందుకు కలిశాయన్నది మాత్రం ఆగి చూడదగ్గ విషయం. అలవాటైన గతాన్ని చెప్పే రూపమే, జరగని దాన్ని చెప్పడానికీ ఎందుకు పనికొస్తుంది? స్పానిష్ పుట్టుకలోనే దీనికి జవాబు కొంత ఉంది. వాడుక లాటిన్‌లో క్రియ మూలరూపానికి ‘హబేబామ్’ (నాకు ఉండేది) చేర్చి కొత్త నిర్మాణం చేసుకున్నారు. పాడటం, ఉండేది అన్న రెండు మాటలు కాలక్రమంలో అతుక్కుపోయి ‘కంతరీయా’ అయింది. చివరి ‘ఈయా’ ఆ పాత ‘హబేబామ్’ మిగిల్చిన తోక. 1492లో తొలి కాస్తిలియన్ వ్యాకరణం అచ్చువేసిన ఆంతోనియో దె నెబ్రిహా, భవిష్యత్ రూపాల వెనక ఇలాంటి కూర్పే ఉందని అప్పుడే గుర్తించాడు. పాత స్పానిష్‌లో ఈ అతుకు ఇంకా పచ్చిగా ఉండేది, మధ్యలో సర్వనామం దూర్చేవారు. పోర్చుగీసు గ్రాంథిక శైలిలో ఇప్పటికీ దూరుస్తారు. ఈ లెక్కన ‘అబ్రీయా’లో అబేర్ రెండుసార్లు ఉంది, ఒకసారి ధాతువుగా, ఒకసారి తోకగా. మన ‘ఉండేవాడు’ కూడా తద్ధర్మ రూపం మీద కట్టిందే. ఒకప్పటి అలవాటును చెప్పే ఆ రూపమే జరగని దాన్నీ మోస్తోంది.

ఇది యాదృచ్ఛికం కాదు. సబీన్ ఇయాట్రిడూ అనే భాషాశాస్త్రవేత్త 2000లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, గ్రీకు ప్రధాన ఉదాహరణగా, సంబంధం లేని పలు భాషలు వాస్తవం కాని షరతులకు గతకాలపు రూపాలనే వాడుకుంటాయని చూపించారు. గతం మన చేతిలో లేనిది, జరగనిదీ మన చేతిలో లేనిదే. రెండూ ఇక్కడికీ, ఇప్పటికీ దూరం. సంస్కృతం ఇంకొంచెం ముందుకు వెళ్లి ఈ పనికి ప్రత్యేకంగా ఒక లకారాన్నే, అంటే ఒక క్రియారూపాల వరుసనే కేటాయించింది. అది లృఙ్. పాణిని దాన్ని క్రియాతిపత్తికి, అంటే పని నెరవేరకపోవడానికి విధించాడు. ‘భవిష్యతి’ అనే భవిష్యత్ రూపానికి ముందు గతాన్ని సూచించే ‘అ’ చేర్చి, చివర గతకాలపు ప్రత్యయం పెడితే ‘అభవిష్యత్’ అవుతుంది. భవిష్యత్ అంగానికి గతపు గుర్తు. స్పానిష్‌లోనూ ‘కంతరే’ (పాడతాను) అనే భవిష్యత్ అంగానికి గతపు ‘ఈయా’ చేర్చితేనే ‘కంతరీయా’. ధాతురూపాలు వల్లించిన తెలుగు విద్యార్థికి ఈ సంగతి ఒక్క మాట చెబితే పట్టిక వెనకున్న తర్కం కళ్లకు కడుతుంది.

ఇంత పొగిడాక తెలుగు దారి తప్పించే చోటు కూడా చెప్పాలి, చెప్పకపోతే మోసం అవుతుంది. ‘సోమవారానికల్లా పూర్తిచేసి ఉంటానని చెప్పాడు’ అంటాం మనం. చెప్పింది నిరుడైనా సరే, లోపలి మాట ‘ఉంటాను’గానే ఉంటుంది. అతని నోటి మాటను అలాగే ఎత్తి పెడతాం. స్పానిష్ అలా ఒప్పుకోదు. చెప్పడం గతంలో జరిగింది కాబట్టి లోపలి క్రియ కూడా ఒక అడుగు వెనక్కి జరగాలి: ‘దిహో కే పారా ఎల్ లూనెస్ అబ్రీయా తెర్మినాదో’. తెలుగు విద్యార్థి ఇక్కడ ‘అబ్రా’ అని పెట్టేస్తాడు. అలాగే ‘మేం వెళ్లేసరికి వెళ్లిపోయి ఉంటాడు’ అన్న గతాన్ని గురించిన ఊహకూ తెలుగు ‘ఉంటాడు’తోనే సరిపెట్టుకుంటుంది, స్పానిష్ ‘అబ్రీయా’ అడుగుతుంది.

ఈ చిక్కును విప్పడానికి ఆంద్రేస్ బెయో పెట్టిన పేరు కన్నా మంచి సాధనం లేదు. కరాకస్‌లో పుట్టి, లండన్‌లో ఏళ్ల తరబడి గడిపి, 1829లో చిలీ చేరిన ఆ పండితుడు 1847లో అమెరికా ఖండాల స్పానిష్ మాతృభాషీయుల కోసం ఒక వ్యాకరణం రాశాడు. ఈ కాలానికి ఆయన పెట్టిన పేరు ‘ఆంతెపోస్‌ప్రెతేరితో’. విడదీస్తే, గతానికి తర్వాత వచ్చే ఒక క్షణానికి ముందు. నోరు తిరగని పేరే, అయినా పై వాక్యానికి అచ్చంగా సరిపోతుంది. చెప్పడం గతం. సోమవారం దాని తర్వాత. పని ముగియడం ఆ సోమవారానికి ముందు. స్పెయిన్‌లోని రాయల్ స్పానిష్ అకాడమీ ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దీన్ని ‘పొతెన్సియాల్’ అనే వేరే క్రియార్థంగా లెక్కకట్టింది. 1973లో వెలువడిన కొత్త వ్యాకరణపు ముసాయిదాలోనే దీన్ని కాలాల వరుసలోకి తెచ్చింది. బెయో ఆ పని నూరేళ్లకు పైగా ముందే చేశాడు. తరగతిలో ఆయన పేరు వినిపించకపోవడం లోటే.

పుస్తకపు నియమం ఒకటి, జనం నాలుక మరొకటి. ఫలితం చెప్పే చోట అబ్రీయాకు బదులు ఉబ్యేరా వాడినా అకాడమీకి అభ్యంతరం లేదు. ‘ఉబ్యేరా బెనీదో’ అంటే వచ్చి ఉండేవాణ్ణి అనే అర్థం. దీనికి ఎదురు దిశలో వెళ్లి, షరతు చెప్పే చోట ‘సి అబ్రీయా సబీదో’ అనడం మాత్రం ప్రామాణిక భాషలో తప్పు. అయితే ఉత్తర స్పెయిన్‌లో, బాస్క్ ప్రాంతంలో, నవార్రాలో, బుర్గోస్ చుట్టుపక్కల ఇది ఇంటింటా వినిపించే వాడుక. అక్కడి పిల్లలను బడిలో దీనికే సరిదిద్దుతారు. ఇక మాటల్లో మరీ తొందర ఉంటే మాద్రిద్ మనిషి ఇవన్నీ పక్కనపెట్టి ‘సి లో సే, నో బెంగో’ అంటాడు. మాటకు మాట పెడితే ‘నాకు తెలిస్తే, నేను రాను’. భావం మాత్రం తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి కాదు అనే. స్పానిష్ సంభాషణ చెవిన పడాలనుకునేవారికి ఈ పొట్టి రూపం తెలియకపోతే పట్టిక అంతా వచ్చినా లాభం లేదు.

పట్టికలు దాటి తెలియాల్సిన మరో వాడుక ఉంది. అది పత్రికల్లో కనిపిస్తుంది. ‘ఎల్ మినిస్త్రో అబ్రీయా దిమితీదో’ అని శీర్షిక వచ్చిందనుకోండి. పుస్తకం చదివిన విద్యార్థి, మంత్రి రాజీనామా చేసి ఉండేవాడు గానీ చేయలేదని అనుకుంటాడు. పత్రిక చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. మంత్రి రాజీనామా చేశారట. వార్త ఖరారు కాలేదు, వినికిడి మాత్రమే. దీన్ని వదంతి కాలం అంటారు. లాటిన్ అమెరికా పత్రికల్లో ఇది విస్తారం. భాషా నిపుణులు చాలామంది దీన్ని ఫ్రెంచి పత్రికల ప్రభావంగా చూస్తారు. స్పెయిన్ దినపత్రిక ‘ఎల్ పాయిస్’ తన శైలి పుస్తకంలో దీన్ని నిషేధించింది. వార్త నిర్ధారణ అయితే నిర్ధారణగా రాయాలి, కాకపోతే ఎవరు చెప్పారో రాయాలి. ఈ వ్యాసం కూడా ఆ పక్షమే.

అర్జెంటీనాలో ఈ వాడుక న్యాయస్థానం దాకా వెళ్లింది. ఒక వ్యక్తికి నేరాల్లో ప్రమేయం ఉన్నట్టు బ్యూనస్ ఐరెస్ పత్రికలు నిర్ధారణగా రాశాయి. తర్వాత అతను నిర్దోషిగా బయటపడ్డాడు, పత్రికల మీద దావా వేశాడు. 1986 మేలో ఆ దేశ సుప్రీంకోర్టు పత్రికలదే బాధ్యత అని తేల్చింది. అదే తీర్పులో పత్రికలు అలాంటి బాధ్యత నుంచి బయటపడే మూడు దారులూ చెప్పింది. వార్తను ఫలానా చోటునుంచి వచ్చిందని స్పష్టంగా ఆపాదించడం, లేదా సంబంధితుల పేర్లు బయటపెట్టకపోవడం, లేదా ఈ ‘పొతెన్సియాల్’ క్రియారూపం వాడటం. అంటే ‘అబ్రీయా’ అనే రూపానికి న్యాయపరమైన రక్షణ దొరికింది. అక్కడి విలేకరులు ఆ రూపాన్ని పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. తర్వాతి తీర్పుల్లో కోర్టే సరిదిద్దుకుంది. క్రియారూపం ఒక్కటే చాలదు, రాసినదంతా కలిపి చదివినప్పుడు అది నిజంగా ఊహగానే చెప్పిందా, నిందగా చెప్పిందా అన్నది చూడాలని అంది. సరైన మాట. తెలుగు పత్రికల్లో ‘రాజీనామా చేసినట్లు సమాచారం’ అనే వాక్యం రోజూ చదివేవారికి ఈ కథ కొత్తగా తోచదు. మన దగ్గర ఆ బరువును ‘అట’, ‘సమాచారం’, ‘తెలిసింది’ మోస్తాయి. స్పానిష్‌లో ఒక క్రియారూపమే మోస్తుంది. కనుక అబ్రీయా దినపత్రికలో కనిపిస్తే ముందు ‘అట’ అని చదివి, తర్వాతే ‘ఉండేవాడు’ సంగతి చూడాలని విద్యార్థికి మొదటే చెప్పాలి.

ఉచ్చారణ సంగతీ తెలుగు దారికే బలం ఇస్తుంది. స్పానిష్ ‘త’, ‘ద’ పళ్ల దగ్గర పలికేవి, మన త, ద లాగానే. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న విద్యార్థి ‘కాంటాడో’ అని ట, డలతో పలుకుతాడు. తెలుగులో ‘కంతాదో’ అని రాసుకుంటే నాలుక తనంతట తానే సరైన చోటుకు వెళ్తుంది. అచ్చుల మధ్య ‘ద’ను ఇంకొంచెం మెత్తగా పలకాలి, అంతే. దక్షిణ స్పెయిన్‌లో అది పూర్తిగా కరిగి ‘కంతావ్’ దాకా పోతుంది. ‘అబ్రీయా’లో నొక్కు ‘రీ’ మీద పడాలి. స్పానిష్ రాతలో దానికి పైన గీత తప్పనిసరి. తెలుగులో దీర్ఘం ఆ పని దాదాపు చేసిపెడుతుంది.

ఇదంతా ఎవరికి పనికొస్తుంది? హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదివేవారికి, నగరంలోని కొన్ని పాఠశాలల్లో దాన్ని ఐచ్ఛికంగా తీసుకున్నవారికి ముందుగా. అక్కడ తరగతి ఇంగ్లిష్‌లో నడవడం సహజం. గదిలో నాలుగు రాష్ట్రాల పిల్లలుంటారు. అయినా ఒక గంట సేపు ఎవరి భాషలో వారు ఈ వాక్యాన్ని రాయమని, ఏ ముక్క కదిలింది, ఏది కదలలేదు అని గుర్తించమని అడగడానికి ఉపాధ్యాయులకు అడ్డేమీ లేదు. హిందీ పిల్లలు ‘ఆయా హోతా’ రాస్తారు, తెలుగువారు ‘వచ్చి ఉండేవాడు’ రాస్తారు, అబేర్ చేసే పని ఇద్దరికీ అర్థమవుతుంది. అబ్రీయాయిస్ రూపం మీద మొదటి ఏడాది కాలం ఖర్చుపెట్టక్కర్లేదు. స్పెయిన్ దాటితే, లాటిన్ అమెరికా అంతటా ఆ చోట ‘ఉస్తెదెస్ అబ్రీయాన్’ అంటారు. మర్యాద, చనువు అన్న తేడా అక్కడ బహువచనంలో పోయింది.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో లెక్క తిరగబడుతుంది. అక్కడి బడుల్లో అత్యధికులు తీసుకునే విదేశీ భాష స్పానిష్. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో చదివే తెలుగు పిల్లలకు హైస్కూలు ముగిసేనాటికి అబ్రీయా కంతాదో నోటికి వస్తుంది. వారాంతపు తెలుగు తరగతిలో ‘ఆమె పాడి ఉండేవాడు’ అని తడబడేది వాళ్లే. స్పానిష్‌లో అతనికీ ఆమెకూ, చివరికి నాకూ ఒకటే అబ్రీయా. తెలుగులో ఉండేవాడు, ఉండేది, నేను అయితే మళ్లీ ఉండేవాణ్ణి, ఉండేదాన్ని. అబ్రీయామోస్ అన్నప్పుడు ఎదుటివాళ్లు కలిశారో లేదో స్పానిష్ చెప్పదు. తెలుగులో మనమా, మేమా తేల్చుకోవాల్సిందే. ‘మనబడి’ వంటి వారాంతపు తెలుగు తరగతుల్లో పాఠాలు తయారుచేసేవారు ఈ పిల్లల చేతిలో అప్పటికే ఉన్న స్పానిష్ పట్టికను పక్కన పెట్టుకుని, ఒక్కో గడిలో తెలుగు రూపాలు రాయిస్తే, ఒక గడిలో రెండు మూడు రూపాలు ఎందుకు పడుతున్నాయో వాళ్లే అడుగుతారు. అక్కడినుంచి పాఠం మొదలుపెట్టవచ్చు.